అల్లుడుగారి మీద పడ్డ నింద

1991లో నాకు మొదటి పోస్టింగు రేపల్లెకూ నగరం అనే ఊరికీ మధ్యనున్న ఒక పశువుల ఆసుపత్రిలో వచ్చింది. మాది తెనాలి. గేదెలంటే చిన్నప్పటినుంచీ తెలుసు గానీ, పందుల గురించి కాలేజీలో చదివింది పరీక్షలతోనే సరి. ఇంటికెళ్ళినప్పుడు మా బాబాయి "ఏం వైద్యం చేస్తున్నావురా?" అంటే గేదెలకనే చెప్పేవాణ్ణి. ఆ సిగ్గు ఆర్నెల్లు కూడా నిలవలేదు. చోటివ్వాలే గానీ పందంత శుభ్రమైన జంతువు లేదు. పడుకునే మూల ఒకటి, పాడుచేసే మూల ఒకటి, ఎవరూ చెప్పకుండానే వేరుగా పెట్టుకుంటుంది.

ఆసుపత్రికి మైలు దూరంలో కాలవ గట్టు కింద ఒక పాలెం ఉండేది. అంతా లూథరన్ క్రైస్తవ కుటుంబాలే. ఆడవాళ్ళు నాట్లకీ కోతలకీ వెళ్తూనే ఇంటి వెనక ఒకటో రెండో తెల్ల సీమపందుల్ని పెంచేవాళ్ళు. మొత్తం పాలేనికి మగపంది ఒక్కటే, దానమ్మ అనే ఆవిడది. ఎవరింట్లో పంది ఎదకొచ్చినా దాన్నే తోలుకెళ్ళేవారు. దాని పేరు అల్లుడుగారు. తవుడులో బెల్లం కలిపి పెట్టకుండా వెనక్కి పంపితే ఆ ఇంటికి నామోషీ.

"మర్యాద తక్కువైతే మూతి ముడుచుకుంటాడండి" అనేది దానమ్మ, నవ్వకుండా. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. నాకు ఆవిడంటే ఇష్టం, కొంచెం భయం కూడా.

ఆ ఏడు వానలు తగ్గాక రెండిళ్ళలో చూడి పందులు నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని పడేశాయి. తల్లులకి జ్వరం, దగ్గు, డొక్కలెగరేస్తూ ఆయాసం. వాటిలో ఒకటి చచ్చిపోతే దాని ప్లీహం ముక్క కోసి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి ల్యాబుకి పంపాను. స్వైన్ ఫీవర్ అని జవాబొచ్చింది. అది వైరస్ జబ్బు. వస్తే మందు లేదు. రాకముందు వేసే టీకా ఒక్కటే దిక్కు.

జబ్బు ఎలా వచ్చిందా అని ఆలోచించాను. రెండిళ్ళకీ వెళ్ళొచ్చింది అల్లుడుగారే. పైకి ఆరోగ్యంగా కనబడే మగపంది నుంచి కూడా ఈ వైరస్ ఆడపందికి అంటుతుంది. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను.

"రేపు అల్లుడుగారికి ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసి, పాతిపెట్టేద్దాం దానమ్మా. లేకపోతే పాలెంలో ఒక్క పందీ మిగలదు" అన్నాను.

"అట్టాగేనండి, మీరు చదువుకున్నోళ్ళు" అని మాత్రం అంది. దొడ్డిలోకి వెళ్ళి దాని వీపు గోకుతూ నిలబడిపోయింది. నేను చూడలేక వచ్చేశాను.

మర్నాడు ఆసుపత్రి తలుపులు తీసేసరికే దానమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"మా పాలెంలో ఏస్తేరనే పిల్ల ఉందిగా, దాని పందికి కూడా జ్వరమండి. కూడు ముట్టట్లేదు."

"అల్లుడుగారు అక్కడికీ వెళ్ళాడా?"

"లేదండి. ఆ పిల్ల దాన్ని బాపట్ల నుంచి చూడితోనే తోలుకొచ్చింది. మావాడు ఆ గుమ్మం తొక్కలేదు."

"మరి ఎవరెళ్ళారు?" పోలీసులా గద్దించాను.

దానమ్మ తల దించుకుంది. "తప్పుగా అనుకోకండి అయ్యగారూ. పోయిన మంగళవారం మీరే వచ్చారండి. ఆ రెండిళ్ళు చూసుకుని, ఆ తాడుతోనే."

మా పనిలో స్నేర్ అని ఒక ఉచ్చుతాడు ఉంటుంది. పంది పైదవడకి వేసి బిగిస్తే, అది వెనక్కి లాగుతూ అరుస్తూ కదలకుండా నిలబడుతుంది. అప్పుడు సూదో మందో వేస్తాం. పంది చొంగా, అందులో ఉంటే వైరసూ ఆ తాడుకే అంటుకుంటాయి. ఆ మంగళవారం నేను దాన్ని గుడ్డతో తుడిచి సంచిలో పడేసి, ఏస్తేరు ఇంటికి నడిచాను. మరిగే నీళ్ళలో వెయ్యాలని చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. ఆ పూట తొందరలో వదిలేశాను.

తల కొట్టేసినట్టయింది. అల్లుడుగారు జబ్బు మోసుకొచ్చాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఏస్తేరు గుమ్మంలోకి తెచ్చింది మాత్రం నేనే. ఇంజెక్షన్ ఆలోచన మానుకుని, అల్లుడుగారిని ఊరి చివర విడిగా కట్టించి నెలన్నర చూశాం. దగ్గైనా రాలేదు. మిగిలిన ఇళ్ళకి టీకాలు వేశాను, ఇంటికో తాడు చొప్పున.

ఏస్తేరు పంది దక్కలేదు. కడుపులో ఎనిమిది పిల్లలు. పాతికేళ్ళ ఆ అమ్మాయి సొంతానికి పెంచుకున్న మొదటి జీవం అది. ఎవరూ చెప్పమనలేదు. చెప్పకపోతే అన్నం సయించేలా లేదు. వెళ్ళి గుమ్మం బయటే నిలబడి, తప్పు నాదని చెప్పాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తెలుసండి. దానమ్మత్త చెప్పింది. మీరు చెప్తారా లేదా అని చూస్తన్నాను."

ఆ తర్వాత బాపట్లలో, తెనాలిలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఎక్కడ అంటుజబ్బు వచ్చినా, ఎవరు ఏ ఇంటికి వెళ్ళారో రాసేటప్పుడు మొదట నా పేరే రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు నేర్పింది కాలేజీ కాదు, ఆ పాలెం. అలవాటు కన్నా ఎక్కువ గుర్తున్నది ఆ రోజు నేను వెనక్కి తిరగబోతుంటే ఏస్తేరు అన్న మాట.

"ఇంకోదాన్ని తెచ్చుకుంటానండి. అప్పుడు తాడు ఉడకేసుకుని రండి. రావటం మాత్రం మానకండి."