ఒంటి వేడితో నడిచే పంపు

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాడు. పంతొమ్మిది వందల ఎనభైల్లో ఆయన వెన్నెముకకు క్యాన్సర్ వచ్చింది. నొప్పికి పడుకోలేడు, కూర్చోలేడు. విదేశాల్లో చదువుకుని వచ్చిన ఒక మద్రాసు డాక్టరు ఆయన పొట్ట చర్మం కింద చిన్న లోహపు పంపు అమర్చాడు. కుంకుమ భరిణె అంత ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం వెన్నులోకి పోయి, మార్ఫిన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. అయిపోయినప్పుడు పైనుంచి సూదితో గుచ్చి నింపాలి.

నేను ఇంగ్లీషు టీచరును కాబట్టి, డాక్టరు మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను మద్రాసుకు వెంట తీసుకుపోయారు. పంపులో బ్యాటరీ లేదట. లోపలి గ్యాసు ఒంటి వేడికి ఉబ్బి మందును నెడుతుందట. "జ్వరం వస్తే మందు ఎక్కువ దిగుతుంది. మత్తు పెరిగి ఊపిరి మందగిస్తుంది. జాగ్రత్త," అన్నాడు డాక్టరు.

అదే తెలుగులో చెప్పాను. చిన్నాయన కిటికీలోంచి ఎండను చూశాడు.

"ఈ ఎండల్లో మనూరికి ఎట్ల పొయ్యేది పాపా?"

ఇంటికొచ్చాక నొప్పి పోయింది. మండీకి కూడా పోయి కూర్చున్నాడు. మాకే స్థిమితం లేదు. ఆయన భార్య, మా చిన్నమ్మ, వంట మధ్యలో లేచొచ్చి ఆయన నుదురు తాకి పోయేది. వీధిలో ఏ పిల్లకు జలుబు చేసినా వాకిలి మూసేది.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఆమె నాకు కబురు పంపింది. నేను పోయేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది. ముఖం మాత్రం ఎంతో ప్రశాంతంగా ఉంది. నాకు భయం వేసింది దానికే.

"పొద్దున వణికినాడు పాపా. ఇప్పుడు పిలిస్తే పలకనే పలకడు."

ఛాతీ లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఒకసారి లేచింది.

ట్రంకుకాల్ దొరికింది. ఒళ్లు చల్లబరచమని, నిద్రపోనివ్వకుండా వెంటనే తెమ్మని డాక్టరు చెప్పాడు. టాక్సీలో తడి తువ్వాళ్లు కప్పి, మద్రాసు దాకా పిలుస్తూనే ఉన్నాం. "ఊపిరి తీసుకో చిన్నాయనా," అంటే తీసుకునేవాడు. మేం ఆపితే ఆయనా ఆపేవాడు.

డాక్టరు పంపులోని మందంతా సిరంజితో లాగేశాడు. మరుసటి రోజు చిన్నాయన కళ్లు తెరిచి మూలిగాడు.

"నొప్పి వస్తా ఉండాది."

చిన్నమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన నొప్పికి ఆమె అంత సంతోషపడడం అప్పుడే చూశాను.

సాయంత్రానికి ఆయనే నన్ను పిలిచాడు. "మళ్లా నింపమని చెప్పు పాపా. బయమైతే నాకూ ఉండాది. అయినా నింపమను."

మందు పలుచన చేసి నింపారు. వానలు మొదలయ్యాక, జ్వరమేమీ లేని ఒక ఉదయం, ఆయన నిద్రలోనే పోయాడు. జబ్బు ముదిరే పోయాడని డాక్టరు అన్నాడు. చిన్నమ్మ నమ్మలేదు. చల్లబడుతున్న ఆ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, నా వైపు తిరిగింది.

"లోపల ఆ పంపు ఇంకా నడస్తానే ఉండాదేమో సూడు పాపా."

నాకు చెయ్యి పెట్టే ధైర్యం రాలేదు.