కట్టమన్నది నేనే

మాటలు చెప్పించుకోడానికి ఆస్పత్రికెళ్ళడమేమిటని మొదట అడ్డుపడింది నేనే. మా పెద్దాడికి మాటలే కావాలంటే ఇంట్లో నేను లేనా?

వాడు చేపల బోటు మీద కళాసీ. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. గొంతులో గొట్టం వేసి మిషను మీద ఊపిరి పోయించేరు. బతికి ఇంటికొచ్చేడు, ఒళ్ళూ పట్టింది. కానీ బోటెక్కనన్నాడు. వేట తప్ప వాడికి వేరే పని రాదు. ఫ్రిజ్ తలుపు తీసి చల్లగాలి తగిలితే చాలు, చేతులు రెండూ చంకల్లో దాచుకుని గోడకి ఆనుకుపోయేవాడు.

ఇరవై ఏళ్ళుగా వాడితో వేటకెళ్ళే బావమరిది చూడ్డానికొస్తే మొహం తిప్పుకున్నాడు.

"ఏటి బావా, ఆస్పత్రి మంచమెక్కి పెద్దోడివైపోనావా? మాతో మాటాడవా?" అని నవ్వేడు ఆ అబ్బాయి.

"నన్ను కట్టేసి ఐసులో తోసినోడివి నువ్వే కదేటి" అన్నాడు మావాడు.

వాడికి అది ఆస్పత్రి కాదట. బోటు అడుగున చేపలకి ఐసు పోసే గదట. చేతులు కట్టి చేపల మధ్య పడుకోబెట్టేరట. పైన ఎవరెవరో మాటలాడుకునేవారట. బేరమాడే ముసల్దొకతె కాళ్ళ దగ్గర నిలబడి తిట్టేదట. "నిన్నెవరూ కట్టలేదు, కలగన్నావు, మర్సిపో" అని ఇంటిల్లిపాదీ చెప్పేం. ఎంత చెప్తే అంత బిగుసుకుపోయేడు.

చివరికి నేనే ఆస్పత్రికి, ఆటో వద్దని బస్సులోనే తీసుకెళ్ళేను. మనసు డాక్టరమ్మట, చూస్తే మా మనవరాలి వయసు పిల్ల. ఈవిడేం చేస్తుందిలే అనుకున్నాను. వీడు చేతులు చంకల్లో పెట్టుకోడం చూసి, ఆ పిల్ల అడక్కుండానే లేచి ఏసీ ఆపి కిటికీ తెరిచింది. తలుపు కనిపించే కుర్చీలో కూర్చోమంది. పెన్సిలు చివరంటా చెక్కి వాడుతోంది, కాగితానికి రెండో వైపు కూడా రాస్తోంది. అది నాకు నచ్చింది. అంతకంటే నచ్చింది ఇంకోటి: వాడు చెప్పిందంతా వింది గానీ, కల అని ఒక్కసారీ అనలేదు.

నాలుగోసారి వెళ్ళినప్పుడు నావైపు తిరిగింది. "మామ్మగారూ, మీరు రోజూ లోపలికెళ్ళి చూశారు కదా. చేతులు కట్టారా?"

బుట్ట నెత్తినెట్టుకుని చేపలమ్మినన్నాళ్ళూ తూకంలో అబద్ధమాడని దాన్ని. కొడుకుతోనే ఆడేనని అప్పుడు తెలిసింది.

"కట్టేరు" అన్నాను. "గొట్టం పీకేసుకున్నాడమ్మా. మళ్ళీ ఏసేరు. మళ్ళీ పీకబోతే గుడ్డపట్టీలతో మంచానికి కట్టేరు. సిస్టరు నన్నే అడిగింది. కట్టమన్నది నానే."

వాడు నన్ను చూసేడు. "నువ్వా అమా?"

"నానేరా. బతకాలి కదేటి నువ్వు."

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. చేతులు చంకల్లోంచి తీసి మణికట్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే నాకు మతి పోలేదన్నమాట" అని ఏడ్చేడు. నేనైతే ఈలోగా పది మాటలనేసేదాన్ని. ఆ పిల్ల వాడి ఏడుపు అయ్యేదాకా నోరు విప్పలేదు. అంత ఓపిక ఎక్కడ నేర్చుకుందో!

తర్వాత కాగితం మధ్యలో గీత గీసి ఒక వైపు బోటు, ఒక వైపు ఆస్పత్రి అని రాసింది. ఐసు చలి ఏసీది. పైన మాటలు డ్యూటీ మారే సిస్టర్లవి. "మరి ఆ ముసల్ది?" అన్నాడు వాడు.

"అదీ నానే. లేవరా ఎదవా అని రోజూ తిట్టేదాన్ని."

నెలల తర్వాత మొదటిసారి నవ్వేడు. ఇంటికెళ్తూనే బావమరిదికి ఫోను చేసేడు.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. ఒక వారం హార్బరు గేటు దాకా, ఇంకో వారం ఐసు దిమ్మల్ని పొడి ఆడించే చోటు దాకా వాడి వెనకే నడిచింది. చేపల నీళ్ళలో చెప్పులు తడిసినా మొహం చిట్లించలేదు. ఎప్పుడు ఆగాలో వాణ్ణే చెప్పమనేది.

ఆఖర్న ఒక పొద్దున్న బోటెక్కేం. బావమరిది అప్పటికే పైన ఐసు దిమ్మలు సర్దుతున్నాడు. "అమా, నువ్వు పైన కూసో. మూత ఎయ్యనియ్యకు" అని వాడు ఐసు గదిలోకి దిగేడు. ఆ పిల్లా నేనూ మూత పక్కనే కూర్చున్నాం. ఎంతసేపటికీ చప్పుడు లేదు. నేను పిలవబోతే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు కిందనుంచి కేకేసేడు.

"బామ్మర్దీ, ఈ ఐసు సాల్దు. ఇంకో రెండు దిమ్మలు దించు!"