పన్నెండు మందికి ఒకే ట్రైలర్

మా బావగారు పోయారు. పోయిన గురువారం పొద్దున్నే ఆయన పెద్దకూతురు ఫోన్ చేసి, "పిన్నీ, డాడీ పోయాడు. నిద్రలోనే. వెరీ క్వయట్‌గా," అని చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఈ ఒక్క పనైనా నాన్చకుండా చేశాడు మహానుభావుడు, అనుకున్నాను. అనుకున్నందుకు నాలుక కరుచుకున్నాను కూడా. కానీ నలభై ఏళ్ళకి పైగా ఆయనతో వేగిన దాన్ని, ఆ మాత్రం అనుకునే హక్కు నాకుంది.

మర్నాడు అంత్యక్రియల వాళ్ళ ఆఫీసులో, శవాన్ని ఉంచే పెట్టెల బొమ్మలున్న పుస్తకం ఒకటి మా ముందు పెట్టి, ఏది కావాలో చెప్పమన్నారు. ఆయన పిల్లలు నలుగురూ పేజీలు తిప్పుతూ గంటసేపు కూర్చున్నారు. ఇది బాగుందని ఒకరు, కాదు అది బాగుందని ఒకరు. నాకు ఒళ్ళు మండింది. తండ్రి పోలికలు ఎక్కడికి పోతాయి! "మొదటిదే ఖాయం చెయ్యండి" అని నేనే చెప్పి లేచాను. ఆయనే ఉండుంటే ఒక్కోదాంట్లో పడుకుని చూసి, టార్చిలైటు వేసి అడుగున తుప్పుందేమో వెతికి, "వచ్చే శనివారం మళ్ళీ వస్తాం" అని చక్కా వచ్చేసేవారు. ఎందుకిలా అంటున్నానో చెబితేగానీ మీకు అర్థం కాదు.

బావగారంటే మావారి అన్నగారు. ఎనభైల మొదట్లో మేం రెండు కుటుంబాలం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండేవాళ్ళం. వాళ్ళది సొంతిల్లు. మాది అక్కడికి పది నిమిషాల దూరంలో అపార్ట్‌మెంట్. వాళ్ళకి నలుగురు పిల్లలు, మాకు ముగ్గురు, పెద్దవాళ్ళతో కలిపి పదకొండు మందిమి. బావగారిది వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం. వారమంతా వంతెనల కింద దూరి ఎక్కడ పగులుందో, ఎక్కడ బోల్టు వదులైందో వెతకడం. శనాదివారాలు కూడా ఆ బుద్ధి వదిలేది కాదు. అరకిలో వంకాయలు కొనాలన్నా ఒక్కో కాయా వెలుతురుకి పెట్టి చూడాల్సిందే. మా అక్కయ్య, అంటే నా తోడికోడలు, సంచీ పట్టుకుని గోడకి చేరగిలబడి నిలబడేది. "చూడ్డానికేం పోయింది?" అన్నది ఆయన ఊతపదం. పొద్దుపోయింది మహాప్రభో, అని నేను లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

మంచివాడు కాదని ఎవరంటారు? మావారి ఉద్యోగం ఊడినప్పుడు నాలుగు నెలలు మమ్మల్ని తన ఇంట్లో పెట్టుకుని ఒక్కనాడు మొహం చిట్లించలేదు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఖాళీ పార్కింగ్ లాట్‌లో అద్దాలు సరిచెయ్యడం ఒక్కటే రెండు ఆదివారాలు నేర్పారు. విసుగు పుట్టి చచ్చాను గానీ, ఇన్నేళ్ళలో నా కారు మీద గీత పడలేదు.

ఆ ఏడాది మే నెలలో మా అమ్మ వచ్చింది. నాన్న పోయిన రెండేళ్ళకి, ఒక్క వేసవి మా దగ్గర ఉండి పోదామని. మాది కనిగిరి వైపు ఒక చిన్న ఊరు. నీళ్ళకి మొహం వాచిన ఊరు. ఊళ్ళో బావులన్నీ ఉప్పు, మంచినీళ్ళ బావి మైలు దూరం. ఆ దారిలో బిందె చంకనపెట్టుకుని నడిచీ నడిచీ అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చిన మర్నాడే బావగారిని కూర్చోబెట్టి అడిగింది.

"బాబూ, ఈ దేశంలో సముద్రమంత మంచినీళ్ళ చెరువులున్నాయంట గదా. అవతలి గట్టు కూడా కనపడదంట. నిజమేనా?"

"నిజమే అత్తయ్యగారూ. ఒకటి ఇక్కడికి ఎనిమిది గంటల డ్రైవ్."

"ఉప్పగా ఉండవూ?"

"ఉండవండీ. తియ్యటి నీళ్ళే."

"ఒక్క గుక్క తాగి పోతాను నాయనా," అంది అమ్మ.

నయాగరా అనలేదు, న్యూయార్క్ అనలేదు. అదొక్కటే అడిగింది. నాకూ అంతకన్నా పెద్ద కోరిక లేదు, ఆ నీళ్ళముందు నిలబడ్డప్పుడు అమ్మ మొహం చూడాలి. తిరుగు టికెట్టు ఆగస్టు ఆఖరుకి ఉంది.

చిక్కల్లా అమ్మ మడితో వచ్చింది. బయట వండింది ముట్టదు. మోటెల్‌లో దిగుదామంటే, "ఎవరెవరో పడుకున్న పరుపు మీద నేనెట్టా పడుకునేదే?" అంది. అప్పుడు బావగారు అన్నారు, "ట్రైలర్ కొందాం అమ్మాయ్. కారు వెనక తగిలిస్తే ఇల్లే మనతో వస్తుంది. పొయ్యి, పడకలు, అన్నీ అందులోనే. అత్తయ్యగారు తన చేత్తో వండుకోవచ్చు. అందరం పోదాం." నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మనిషి అనుకున్నాను. అది జూన్ మొదటి వారం.

మొదటి శనివారం ట్రైలర్లు అమ్మే చోటికి పన్నెండు మందిమీ రెండు కార్లలో వెళ్ళాం. మొదటి ట్రైలర్ మెట్టు దగ్గర బావగారు బూట్లు విప్పారు. ఆయన విప్పారని అందరం విప్పాం. పన్నెండు జతలు బారుగా. "ఫర్వాలేదు, వేసుకునే రండి," అని అక్కడి ముసలి సేల్స్‌మన్ బతిమాలుతున్నాడు. ఇల్లన్నాక చెప్పులతో ఎలా ఎక్కుతాం? లోపలికి వెళ్ళాక బావగారు ఎవరి పడక ఏదో చెప్పి, "అందరూ పడుకోండి" అన్నారు. పట్టపగలు, ఎండలో, పన్నెండు మందిమీ ఆ రేకుల డబ్బాలో పడుకున్నాం. పడకలు ఎనిమిది. మిగతావాళ్ళం కింద, ఒకరి కాళ్ళు ఒకరి మొహం మీద. "పడుకుని చూస్తేగానీ తెలీదమ్మాయ్," అన్నారాయన, పైన ఎక్కడినుంచో.

అంతలో అమ్మ లేచి కూర్చుంది. "బాబూ, నా తల ఏ దిక్కున ఉంది?"

బావగారు జేబులోంచి దిక్సూచి తీశారు. ఉత్తరం! ఉత్తరానికి తలపెట్టి ఎలా పడుకుంటారు? సేల్స్‌మన్‌ని అడిగితే ఆ పెద్దమనిషి తల గోక్కుని, "మీరు బండి ఎటు తిప్పి ఆపితే తల అటు మారుతుంది కదండీ," అన్నాడు. నిజమే. కానీ ఆ పడకలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, అన్ని వైపులా తలగడలు. ఎటు తిప్పినా ఎవరో ఒకరి తల ఉత్తరానికే వస్తుంది. బావగారు కాగితం మీద బొమ్మ గీసుకుని అరగంట లెక్క చూశారు. ఈలోగా అమ్మ పొయ్యి పక్కన సన్నటి తలుపు తీసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇదేందే, పొయ్యి పక్కనే దొడ్డి పెట్టారు?"

"కొత్తదమ్మా. ఎవరూ వాడలేదు."

"ఇయ్యాల వాడలా. రేపో?"

అక్కడితో మొదలైంది. పొయ్యికీ దొడ్డికీ దూరం ఉన్నదాంట్లో పడకలు ఆరే. పడకలు పది ఉన్నదాన్ని మా బావగారి పొడుగాటి కారు, స్టేషన్ వాగన్, లాగలేదు. అది లాగగలిగినదాంట్లో మంచాలన్నీ ఎత్తు మీద, అమ్మ మోకాళ్ళతో ఎక్కలేదు. అన్నీ కుదిరిన ఒకే ఒక్కదాని కింద బావగారు అట్టముక్క పరుచుకుని దూరి, ముప్పావుగంట తరవాత బయటికొచ్చి, "వెనక చట్రంలో ఒక వెల్డింగ్ నాకు నచ్చలేదు," అన్నారు. దాన్ని పట్టుకుని నేను ఏడవడం ఒక్కటే తక్కువ. సేల్స్‌మన్‌కి కూడా ఓపిక పోయి, "రెండు చిన్నవి కొనుక్కోకూడదా సార్? ఇంటికొకటి?" అన్నాడు.

బావగారు చిన్నబుచ్చుకున్నారు. "రెండెందుకు? మేం ఒకటే ఫ్యామిలీ."

ఇంటికొచ్చి నేను మావారి మీద పడేదాన్ని. "మీరైనా చెప్పరేం?" ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "అన్నయ్య చూస్తున్నాడు కదే," అనేవారు. అన్నదమ్ములిద్దరికీ దండం పెట్టాలి. జులై పోయింది. మా వాగన్ మలుపు తిరగడం చూసి ఆ సేల్స్‌మన్ లోపలికి పోయి తలుపేసుకునే రోజులొచ్చాయి. అమ్మ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుతూ, "బాబుకి కుదరాలి గదా," అనేది. ఆ మాట వింటే నాకు ఇంకా మంట.

ఆగస్టు ఆఖరి శనివారం. మంగళవారం అమ్మ విమానం. ఆ రోజూ వెళ్ళాం, ఆ రోజూ బూట్లు విప్పాం, పడుకున్నాం. ఆయన టార్చిలైటు తీశారు. నాకు ఇంక పట్టలేదు.

"బావగారూ, ఇంక చాలండీ! పన్నెండు శనివారాలు! మీకు ట్రైలర్ కుదిరేదాకా మా అమ్మ కోరిక తీరకుండా ఉండాలా? మీరు బతికున్నంతకాలం చూస్తూనే ఉంటారు, కొనేది లేదు, కదిలేది లేదు!"

మా ఇళ్ళలో ఆయన మీద గొంతెత్తిన మనిషి అంతకుముందు లేదు, తరవాత లేదు. ఆయన టార్చిలైటు ఆర్పి జేబులో పెట్టుకున్నారు. "నిజమే అమ్మాయ్," అన్నారు. అంతే.

మర్నాడు ఆరింటికల్లా వాగన్ మా గుమ్మం ముందు ఆగింది. వెనక సీట్లన్నీ మడిచేసి, కొత్త పరుపు, ఉతికిన దుప్పటి వేశారు. పక్కన చిన్న గ్యాస్ పొయ్యి, కొత్త గిన్నెలు, బియ్యం, పప్పు. "అత్తయ్యగారూ, ఒకసారి పడుకుని చూడండి," అన్నారు. అమ్మ పడుకుంది. "తల ఎటుంది బాబూ?" "పడమటికండీ. ఆపేటప్పుడు నేను చూసుకుంటాగా."

వేసవంతా ఆ వాగన్ ఆయన వాకిట్లోనే ఉంది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అయినా సంతోషంతో చెప్పుల కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అక్కయ్య తన నలుగురు పిల్లల్నీ మా ఇంట్లోకి పంపుతోంది.

"చోటు లేదమ్మాయ్," అన్నారు బావగారు. "ముందు మేమిద్దరం, వెనక అత్తయ్యగారు. పిల్లల్ని చూడ్డానికి మనిషి కావాలి కదా."

"ముందు సీట్లో ముగ్గురు పడతారు. పిల్లల్ని మీ తమ్ముడు చూసుకుంటారు."

"మధ్యలో బెల్టు సరిగ్గా లేదు. నిన్న రాత్రి చూశాను. రానూ పోనూ పదహారు గంటలు. వద్దమ్మాయ్."

వెనక పడుకున్న మా అమ్మకి అసలు బెల్టే లేదు. అది ఆయనకి తట్టలేదు. పన్నెండు మందికి చోటు కోసం వేసవంతా వెతికిన మనిషి నా ఒక్కదానికి చోటు లేదన్నారు. వాగన్ వెళ్ళిపోయింది. నేను ఏడుగురు పిల్లలకి దోసెలు పోస్తూ కూర్చున్నాను.

సోమవారం సాయంత్రం వచ్చారు. "చూశానమ్మా," అంది అమ్మ. నేను పెట్టె సర్దుతూ, "సంతోషం," అన్నాను. ఇంకో మాట అడగలేదు. మంగళవారం విమానం ఎక్కించాను. అమ్మకి రాయడం రాదు. ఆ రోజుల్లో ఊరికి ఫోన్ కలపడమంటే మాటలు కాదు. ఈసారి నేనే వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని అడుగుదాంలే అనుకున్నాను. సంక్రాంతి దాటిన పది రోజులకి అమ్మ పోయింది.

ఫోటో ఒక్కటైనా లేదా అంటారేమో. బావగారికి కెమెరా ఉండేది కాదు. ఏది కొనాలో చూస్తూ ఉండేవారు.

ఆ తరవాత ఎన్ని పండగలు, ఎన్ని పుట్టినరోజులు! అందరం భోజనాలకి కూర్చోగానే బావగారు మొదలుపెట్టేవారు. "ఆ రోజు అత్తయ్యగారు..." నాకు ఆ కోపం ఎక్కడ దాక్కునేదో, అప్పటికప్పుడు వచ్చేది. నా అమ్మని నేను చూడకపోతే ఆయన చూసి నాకు చెప్పడమా? సగంలో లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన ఆపేసేవారు. నేను తిరిగొచ్చేసరికి వాతావరణం గురించి మాట్లాడుతూ ఉండేవారు. అక్కయ్యనైనా అడిగుండొచ్చు. అహం అడ్డొచ్చింది. ఆమె పోయి పదేళ్ళయింది.

నిన్న పెద్దకూతుర్ని అడిగాను. "ఆ లేక్ దగ్గర ఏం జరిగిందో నాన్న మీకెప్పుడైనా చెప్పాడా?"

"లేదు పిన్నీ. మేం చాలాసార్లు అడిగాం. పిన్ని ఉన్నప్పుడే చెప్తా, అది పిన్ని స్టోరీ, అనేవాడు."

ఇంత పట్టుదల ఏమిటండీ మనిషికి? ఎవరో ఒకరికి చెప్పి పోకూడదూ? నలభై ఏళ్ళు నేను కూర్చుని వింటానని ఎదురుచూశారు. నేను కూర్చోలేదు. తప్పెవరిదో నాకు తెలుసు, ఒప్పుకోవడానికి ఇప్పుడు ఎదురుగా మనిషి లేడు.

నేను లేచిపోకుండా విన్నది ఇంతవరకే. వాళ్ళు చేరేసరికి ఎండ వాలింది. గాలి ఎక్కువగా ఉంది. అక్కయ్య పట్టుకోబోతే అమ్మ వద్దంది. చెప్పులు ఒడ్డున విడిచి, కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, ఒక్కతే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి ఆగింది. ఎదురుగా అవతలి గట్టు లేదు. చాలాసేపు అలాగే చూసి, వంగి, దోసిలి పట్టింది.