పలక మీద అంకె

ఫిన్నీ పొద్దున లేవగానే, రాత్రంతా కంప్యూటరు వేసిన లెక్క చూసి, తేలిన అంకెను మార్కాపురం పలక మీద రాసి గుమ్మం పక్కన లోపలివైపు ఆనిస్తాడు. అణు రియాక్టరులో ప్రమాదం జరిగితే ఎన్ని గ్రాముల రేడియోధార్మిక అయోడిన్ గాలిలో కలుస్తుందో చెప్పే అంకె అది. లోపల చేరిన నీళ్లు ఆమ్లంగా మారకపోతే అయోడిన్ వాటిలోనే ఉండిపోతుంది, అంకె తగ్గుతుంది. తగ్గిన రోజు ఈల వేస్తాడు. గ్రాములు అని మాత్రం రాసేవాడు కాదు. చూసేది తనొక్కడే కదా. సన్నటి మనిషి. ఎవరైనా పలకరిస్తే తల వంచుకుని తొడ మీద వేళ్లతో టైపు చేస్తుంటాడు.

వాళ్ల ఊరు కొనకనమిట్ల పొలాల్లో ఎవరో బోర్లు వేసి మట్టి పట్టుకుపోయాక, అణు కంపెనీ వస్తుందని పుకారు లేచింది. ఆ ఆదివారం ప్రార్థన ముగియగానే చిన్నాన్న ప్రకాశరావు పదిమందిని వెంటేసుకుని ఫిన్నీ ఇంటికి వచ్చాడు.

"ఏందిరా నువ్వు చేసే పని?"

"రియాక్టరు కరిగితే ఏమైతదో లెక్కేస్తా చిన్నాన్నా."

ప్రకాశరావు చూపు పలక మీద పడింది. "నాలుగొందల పన్నెండు! ఇంతమంది సస్తారని ముందే రాసి పెట్టుకునినాడు సూడండిరా!"

పలక ఫిన్నీ నుదుటి మీద పగిలింది. నెత్తురు కళ్లలోకి దిగింది. కిందపడినవాణ్ని డొక్కలో తన్నారు. కంప్యూటరును రోకలితో చితక్కొట్టారు. "టైపు కొట్టేది ఈ చెయ్యేనా?" అంటూ ఒకడు అతని కుడిచేతి వేళ్లను గడప మీద పెట్టి మడమతో నలిపాడు. "గ్రాములు చిన్నాన్నా, గ్రాములు" అన్నాడు ఫిన్నీ. నోటినిండా నెత్తురు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

ఫిన్నీ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగవు. కొత్త కంప్యూటరు తేల్చిన అంకెను కొత్త పలక మీద ఎడమచేత్తో రాసి, పక్కన 'గ్రాములు' అని అంతకన్నా పెద్దగా రాస్తాడు.