సీమోను చేతి రఫూ

శాలిబండలో ఒక మేడ మెట్ల కింద నాలుగడుగుల చోటు సీమోనుది. అక్కడ కూర్చుని ముప్పై ఏళ్లుగా రఫూ చేస్తున్నాడు. ఈమధ్య గల్లీలో బండి ఆగితే అతని సూది ఆగుతోంది. బండి మళ్ళీ కదిలేదాకా తల ఎత్తడు.

రఫూ అంటే అతుకు కాదు. చిరిగిన బట్టలోంచే పోగు లాగి, ఆ పోగుతో చిరుగును మళ్ళీ నేయడం. చీర అయితే నడుములో దోపుకునే లోపలి కొస నుంచి పోగు తీస్తారు. సీమోను తండ్రి దబీర్‌పురా రైల్వే స్టేషన్లో గ్యాంగ్‌మన్. కొడుకును రైలుపట్టాల మీదికి పంపడం ఇష్టం లేక పత్తర్‌గట్టిలో ఒక ఉస్తాద్ దగ్గర పెట్టాడు. పని అయ్యాక ఉస్తాద్ బట్టను దీపం ముందు పట్టుకునేవాడు. చిరిగిన చోటు కంటికి దొరికితే మొత్తం విప్పించేవాడు. పదేళ్లు అలా గడిచాయి.

శ్రీరామమూర్తి ఆ రోజుల్లోనే తెనాలి నుంచి వచ్చాడు. పత్తర్‌గట్టి కమాను కింద దుప్పటి పరిచి కట్‌పీసులు అమ్మేవాడు. మొదటిసారి పట్టుచీరల మూట తెప్పిస్తే అందులో నాలుగు ఎలుకలు కొరికినవి. సీమోను వాటికి రఫూ చేశాడు. నాలుగూ కొత్తవాటితో కలిసిపోయాయి. ఏ చీర ఏదో తర్వాత ఇద్దరికీ తెలియలేదు. శ్రీరామమూర్తి నవ్వుతూ సీమోను చేతిని పట్టుకుని ఊపాడు.

ఇప్పుడు ఆయనకు కూతురి పేరు మీద పదకొండు షోరూములు. మరమగ్గం బట్టను చేనేత అని అమ్ముతున్నాడని ఒకసారి గొడవ అయింది. పొద్దున్నుంచి రాత్రి దాకా సేల్స్ పిల్లలను కూర్చోనివ్వడని ఇంకోసారి. ప్రతిసారీ మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా ఆయన ప్రకటన ఉండేది. గొడవ లోపలి పేజీలోకి పోయేది. ఆ తర్వాత ఎక్కడా కనిపించేది కాదు.

రెండేళ్ల కిందట ఆయన నవాబుల పాత దేవిడీల్లోని చీరలు అమ్మడం మొదలుపెట్టాడు. నూరేళ్ల నాటివి అని చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం స్వయంగా మూట తీసుకుని సీమోను దగ్గరికి వచ్చాడు. చీరలు కొత్తవి. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టినవి. అక్కడక్కడ బ్లేడుతో కోసి ఉన్నాయి.

"పాత చీరకి రఫూ లేకపోతే ఎవడు నమ్ముతాడు సీమోనూ? కాస్త కనపడేట్టు చెయ్యి. మరీ నీ స్టైల్లో మాయం చెయ్యకు."

సీమోను సరేనన్నాడు. కూర్చున్నాక చేయి మాట వినలేదు. కనబడే రఫూ అతనికి ఎవరూ నేర్పలేదు. లోపలి కొస నుంచి పోగు తీశాడు, నేశాడు. కోసిన చోట్లు ఎప్పటిలాగే మాయమయ్యాయి.

అక్కడే దొరికిపోయారు. ఒక పెళ్లివారు తాము కొన్న చీరను రూప అనే నిపుణురాలికి చూపించారు. ఆమె టీవీలో నెమ్మదిగా చెప్పింది. నిజంగా పాత చీర అయితే ఎండకు పైబట్ట వెలుస్తుంది. దోపుకునే కొస వెలవదు. ఆ పోగుతో రఫూ చేస్తే చిన్న నీడలా తెలుస్తుంది. ఈ చీరకు రఫూ ఉందని షాపువాళ్లే కాగితం రాసిచ్చారు, నీడ మాత్రం లేదు. కాబట్టి చీర కొత్తది, రఫూ చేసినవాడు ఈ ఊళ్లోనే ఉన్నాడు.

మర్నాడు శ్రీరామమూర్తి కూడా టీవీలో కనిపించాడు. "నేనూ మోసపోయాను. పాతబస్తీలో ఒక రఫూవాడు ఈ చీరలు తెచ్చి నాకు అంటగట్టాడు. వాణ్ణి వదలం," అన్నాడు.

సీమోను భార్య సుందరమ్మ టీవీ కట్టేసింది.

"నీ పేరు చెప్పలే గద."

"చెప్పలే. ఎప్పుడు చెప్తడో ఏమో."

"నువ్వే పోయి జరిగింది చెప్పరాదు?"

"ఎవలు నమ్ముతరే? ఆయన బొమ్మ మూడంతస్తులంత ఉన్నది సౌరస్తల. నన్ను ఈ గల్లీల సగం మంది గుర్తువట్టరు."

సాయంత్రం ఫోన్ వచ్చింది. శ్రీరామమూర్తి గొంతు మెత్తగా ఉంది. "నీ పేరు నా నోటి నుంచి రాదు సీమోనూ. పోలీసులు వెతికేది ఆ రఫూ చేసిన చేతిని. నీ చెయ్యి నువ్వు దాచుకో."

మర్నాటి నుంచి సీమోను చెడగొట్టడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతి బట్టకూ రీలు దారం వాడాడు. ముడులు పైకి వదిలాడు. మొదటి రోజు కష్టమైంది. మూడో రోజుకు అలవాటైంది. అప్పుడు ఇంకా భయం వేసింది.

బస్ కండక్టర్ ఎల్లప్ప తన ఖాకీ చొక్కా తెచ్చి ముందు పడేశాడు.

"ఏందన్నా గిది? రఫూ చేసినవా, కుక్కతోని కరిపించినవా?"

"కండ్లు కనవడ్తలేవు ఎల్లప్పా."

"నీ కండ్లా? మొన్ననే గా ఎదురింటి మీటర్ల రీడింగ్ ఈడికెళ్లి చదివితివి!"

సీమోను చొక్కా తీసుకుని పక్కన పెట్టాడు. అంతలో గల్లీలో బండి ఆగింది. ఈసారి కదలలేదు.

పోలీసులు సాయం అడిగిన రూప దిగింది. వెంట కానిస్టేబుల్. ఆమె చిన్న పట్టుముక్క సీమోను ముందు పరిచింది. మధ్యలో చిరుగు. పాతబస్తీలో ప్రతి రఫూ దుకాణంలోనూ ఇదే చేయిస్తున్నానని చెప్పింది. సీమోను రీలు తీశాడు. ఈ కొద్దిరోజుల అలవాటు పనికొచ్చింది. చిరుగు మీద గొంగళిపురుగు పాకినట్టు కుట్టు పడింది.

ఆమె చూసి ముక్కను మడిచింది. "మీరు కాదు," అంది.

"ఇగ దబీర్‌పురా రఫూ రాజన్ననే మేడం," అన్నాడు కానిస్టేబుల్. "రెండు దినాల సంది పోలీస్ స్టేషన్ల కూసొని ఏడుస్తుండు. నేను గాదు, నేను గాదు అని."

ఎల్లప్ప అడ్డం వచ్చాడు. అతనికి సంగతి తెలియదు. స్నేహితుడి పరువు పోతోందని మాత్రం తెలిసింది. "ఆగుండ్రి మేడం. గీ కుట్టు చూసి మా సీమోనన్నను లెక్కగట్టకుండ్రి. మా ఇంట్ల అన్న రఫూ చేసిన చీరున్నది. తెస్త."

సీమోను వద్దనబోయాడు. ఎల్లప్ప అప్పటికే మలుపు దాటాడు.

రొప్పుతూ తిరిగి వచ్చి పచ్చని చీర విప్పాడు. "బీరువ గొళ్లెం తాకి బెత్తెడు చినిగింది. చూడుండ్రి." కొంగు తిప్పాడు. అంచు తిప్పాడు. "ఈడనే ఉండె." మళ్ళీ మొదటి నుంచి వెతికాడు. రూప భూతద్దం తీసి చూసింది. చాలాసేపు చూసింది. తల అడ్డంగా ఊపింది.

కానిస్టేబుల్ నవ్వాడు. "అసలు చినిగిందా అన్నా?"

"నా పెండ్లాం మూడు దినాలు అన్నం తినలే భాయ్!"

రూప చీర మడిచి ఎల్లప్ప చేతిలో పెట్టింది. లేచి నిలబడింది. కానిస్టేబుల్ బండి తాళం తీశాడు. ఇంకొక నిమిషం సీమోను ఊరుకుంటే చాలు. వాళ్లు దబీర్‌పురా వెళ్లిపోతారు.

సీమోను చేయి చాచి చీర అందుకున్నాడు. మూడో మడత విప్పి, అంచుకు జానెడు పైన వేలు పెట్టాడు.

"గిదీ," అన్నాడు.

రూప వంగి చూసింది. ఆ వేలు కింద కూడా ఆమెకు ఏమీ కనబడలేదు. వేలినీ, అతని ముఖాన్నీ చూసి మళ్ళీ కూర్చుంది.

"గా చీరలు నేను చింపలే మేడం. చింపి తెచ్చిండ్రు."

"ఎవరు?"

కానిస్టేబుల్ నవ్వు ఆగింది. సీమోను శ్రీరామమూర్తి పేరు చెప్పాడు. పక్కవాడికి కూడా వినిపించనంత మెల్లగా చెప్పాడు.

"ఏందన్నవ్?" అన్నాడు కానిస్టేబుల్.

సీమోను మళ్ళీ చెప్పాడు.