అడగని కాగితం

మా ఆయనకు కాగితాల పిచ్చి. కెనడాలో అడుగుపెట్టిన రోజు నుంచి ప్రతి కౌంటర్ దగ్గరా అడిగినదానికంటే రెండు కాగితాలు ఎక్కువిచ్చే మేం గట్టెక్కామని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకమే చివరికి మా కొంప ముంచింది.

వెన్నుపూస ఆపరేషన్ తర్వాత నాకు కాళ్ళలో నరాల నొప్పి మిగిలిపోయింది. డాక్టరు గంజాయి నూనె రాసిచ్చింది. గంజాయనగానే మనవాళ్ళు నోరు నొక్కుకుంటారు గానీ, రాత్రి నాలుగు చుక్కలు నాలుక కింద పడితేనే నాకు కునుకు. డాక్టరిచ్చిన చీటీ ఉంటే కెనడాలో ఎక్కడికైనా వెంట తీసుకెళ్ళవచ్చు. అమెరికాలోని డెట్రాయిట్‌లోనూ ఆ సరుకు దుకాణాల్లో అమ్ముతారు. మధ్యలో ఉన్న బోర్డర్ మాత్రం దాటించకూడదు. ఇదెక్కడి న్యాయమో ఇప్పటికీ నా బుర్రకెక్కదు. అయినా బుద్ధిగా సీసాను ఓక్‌విల్‌లో మా ఇంట్లోనే వదిలేసి బయలుదేరాం.

వెళ్ళేది డెట్రాయిట్‌లో మా అక్క కూతురి పెళ్ళికి. అక్క పోయి ఆరేళ్ళయింది. కన్యాదానానికి బావగారు ఒక్కరే పీటల మీద కూర్చోకూడదు, దంపతులు కావాలన్నారు పంతులుగారు. పిన్ని, బాబాయే చేయాలని పిల్ల పట్టుబట్టింది.

విండ్సర్ వంతెన దాటాక అమెరికా ఆఫీసర్ అడిగినవి రెండే ముక్కలు. ఎక్కడికి, ఎన్ని రోజులు. మా ఆయన పాస్‌పోర్టులు ఇచ్చి ఊరుకోవచ్చు కదా! శుభలేఖ, ఇంటి కాగితాలు, ఉద్యోగం లెటరు ఉన్న ఫైలంతా కిటికీలోంచి అందించారు. అందులో నా చీటీ కూడా ఉంది. మందు తేలేదు, ఇంట్లోనే పెట్టామంటూ పైగా వివరణ. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే పెట్టారు.

మమ్మల్ని లోపలికి పంపారు. వాడతావా అని నన్నడిగితే అవునన్నాను. చివరిసారి ఎప్పుడంటే నిన్న రాత్రి అన్నాను. గంటన్నర కూర్చోబెట్టి, డెట్రాయిట్‌లో అమ్మినా అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంజాయి వాడటం నేరమేనని, ఇవాళ నన్ను రానివ్వడం కుదరదని మర్యాదగానే చెప్పారు. ఆయన వెళ్ళొచ్చట. ఒక్కరే వెళ్ళి పీటల మీద ఏం చేస్తారు, నా తలకాయ!

వెనక్కి వచ్చి ఒక కాఫీ షాపు ముందు కారు ఆపగానే నోటికొచ్చినట్టు తిట్టాను. "దాచామనుకుంటారేమోనని ఇచ్చా" అన్నారు, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. స్పెషల్ పర్మిషన్‌కి అప్లై చేస్తే కొన్ని నెలల్లో వస్తుందని కూడా అన్నారు. పెళ్ళి ఎల్లుండి. ఈ మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

ఇంకా తిడుతూనే పిల్లకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పాను. ఏడుస్తుందేమో, అలుగుతుందేమో అనుకున్నాను.

"పిన్నీ, నీ మెడిసిన్ ఇంట్లోనే ఉంది కదా. మళ్ళీ ఫోర్ అవర్స్ కార్లో ఎలా కూర్చుంటావ్?" అంది.

పీటల మీద ఎవరు కూర్చుంటారని మాత్రం అడగలేదు.