పదహారు దెబ్బల తరవాతి లెక్క

మా లెక్కల సారు పోయారు. మొన్న పొద్దున కేజీఎఫ్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెబితే నాకు ముందు ఏడుపు రాలేదు. ఎడమ అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది. ఆ తరవాత ఏడ్చాను.

ఆయనకు పగలు బంగారు గని ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రం మాకు బ్యాంకు పరీక్షలకు ట్యూషన్ చెప్పేవారు. గని కార్మికుల పిల్లలు పదిమంది, బేతమంగళ నుంచి బస్సులో వచ్చే నేను. ఆడపిల్లనని కనికరమేమీ లేదు. ఒకే రకం లెక్క మళ్ళీ మళ్ళీ తప్పితే రూళ్ళకర్రతో ఎడమచేతి మీద దెబ్బలు రెట్టింపయ్యేవి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పెరిగే లెక్క ఒంటికి తెలియాలట! కొట్టాక తన వేడి టీ గ్లాసు ఇచ్చి, వాచిన చేతికి కాపడం పెట్టుకోమనేవారు. రాక్షసుడని తిట్టుకునేదాన్ని. ఆ మాట ఇవాళ కూడా వెనక్కి తీసుకోను. కానీ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

నా తప్పు ఒక్కటే. ఏటా ఇరవై శాతం పెరిగితే మూడేళ్ళకు ఎంత శాతమని అడిగితే అరవై అనేసేదాన్ని. ఇంట్లో డెయిరీకి పోసిన పాలు రోజూ కూడి రాసే చెయ్యి, కూడిక తప్ప ఇంకోటి ఎరగదు.

"పోయినేడు పెరిగినదానికి కూడా ఈ ఏడు ఆకలి ఉండాది కదమ్మా, దానికెవరు పెడతారు?" అనేవారు. అని కొట్టేవారు. అయిదోసారి పదహారు. తోలు చిట్లి నెత్తురు మోచేతి దాకా కారింది.

మర్నాడు మా నాన్న ఇద్దరు ఊరివాళ్ళను వెంటేసుకుని వచ్చాడు. మాటా పలుకూ లేకుండా సైకిల్ పంపుతో సారు మూతి మీద కొట్టాడు. ఆయన గోడకు గుద్దుకుని కూలబడ్డారు. పన్నొకటి ఊడి నేల మీద పడింది. పిల్లలు బెంచీ కోళ్ళు విరిచి పైకి లేచారు. నాన్న మళ్ళీ పంపు ఎత్తాడు. నాకు భయమేసింది, సారు కోసం కాదు. ఇంక నన్ను పరీక్ష రాయనివ్వరని.

"ఆపప్పా," అన్నారు సారు నెత్తురు ఉమ్మి. "నువ్వు ఇంగోటి కొడితే ఈ పిల్లోళ్ళు రెండు కొడతారు. దానికి మీ ఊరోళ్ళు నాలుగు. మొదలుపెట్టినోణ్ణి నేనే. తప్పు నాది."

నాన్న చెయ్యి ఆగింది గానీ కోపం ఆగలేదు. నా రెక్క పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. సారు లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"ఒక్క లెక్క చెయ్యనీ. తప్పితే తీసకపో."

అదే లెక్క ఇచ్చారు. నాన్న నా ఎడమ రెక్క వదలకుండానే నిలబడ్డాడు. కుడిచేత్తో బోర్డు మీద రాశాను. వంద నూట ఇరవై అయింది. నూట ఇరవై నూట నలభై నాలుగైంది. చివరికి నూట డెబ్బై రెండు పాయింట్ ఎనిమిది. అంటే పెరిగింది డెబ్బై రెండు పాయింట్ ఎనిమిది శాతం.

అక్షరం ముక్క రాని మా నాన్న, తను కొట్టిన మనిషినే అడిగాడు.

"సరింగా చేసినాదా నా బిడ్డ?"

సారు నోటికి అడ్డం పెట్టుకున్న చేత్తోనే సుద్దముక్క అందుకుని రైటు పెట్టారు. సుద్ద తడిసి ఎర్రగా గీసింది. నాన్న నా రెక్క వదిలేశాడు.

పరీక్ష రోజు దాకా ఆ రైటును మాలో ఎవరూ చెరపలేదు. లెక్కలన్నీ దాని చుట్టూ రాసుకున్నాం.